మన సమాధి మీద మాట మనమే రాసుకుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలో మా పర్లాకిమిడిలో డీటీపీ షాపు అంటే పెళ్ళికార్డులే అనుకుంటారు గానీ మా పనిలో సగం చావుల పనే. పెద్దకర్మ కార్డులు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు, క్రిస్టియన్ వాళ్ళ సమాధి రాళ్ళకి మేటర్. మనిషి పోయిన రెండో రోజు ఇంట్లోవాళ్ళు ఏడుపు మొహాలతో వచ్చి "ఏదో ఒకటి మీరే రాసీండి" అంటే నా దగ్గర ఉన్న పాత ఫైలు తీసి పేరు మార్చి ఇచ్చేస్తాను, అదే జరుగుద్ది ఎప్పుడూ. అది నచ్చకే ఈమధ్య తెలిసినవాళ్ళకి "మీ మాట మీరే రాసి పెట్టుకోండి" అని చెప్తున్నా, చెప్పినప్పుడల్లా ఇవే ప్రశ్నలు, అందుకే అన్నీ ఒకచోట పెడుతున్నాను.

సమాధి మీద పేరూ తేదీలూ ఉంటే చాలదా? ఇంకేటి రాయాలి?

పేరూ పుట్టిన తేదీ ఆధార్ కార్డులో కూడా ఉంటాయి. సమాధి రాత అంటే ఈ మనిషి దేనికోసం పొద్దున్నే లేచాడు, ఎవరికి ఏం చేసాడు అన్నది ఒకటి రెండు వాక్యాల్లో చెప్పడం. నా ఫైల్లో ఉన్న మాటలు మీకూ తెలిసినవే, పరోపకారి, స్నేహశీలి, అజాతశత్రువు, ఆప్యాయతకు మారుపేరు. అజాతశత్రువు అని కార్డు కొట్టించుకున్న ఇంటి దాయాదులే కోర్టులో వాయిదాలకి తిరుగుతుంటారు, అది వేరే విషయం. ఆ మాటలు ఎవరికైనా సరిపోతాయి, ఎవరికైనా సరిపోయే మాట మీది ఎలా అవుద్ది?

ఇంకోటి, రాయి చెక్కేవాళ్ళు చాలామంది అక్షరానికి ఇంత అని తీసుకుంటారు. నన్నడిగితే అది మంచిదే, డబ్బు లెక్క వచ్చేసరికి పనికిరాని విశేషణాలన్నీ వాటంతటవే రాలిపోతాయి.

బతికుండగా ఇలాంటివి రాసుకోవడం అపశకునం కదా? తథాస్తు దేవతలు ఉంటారు అంటారు.

మా నాన్నమ్మ కూడా అదే అనేది, శుభం పలకరా అని. కానీ మీరు ఎల్ఐసీ పాలసీ తీసుకున్నప్పుడు నామినీ కాలమ్ నింపారా లేదా? అప్పుడు తథాస్తు దేవతలు గుర్తురాలేదు కదా. ఇదీ అంతే, కాకపోతే అక్కడ డబ్బు ఎవరికి పోవాలో రాస్తారు, ఇక్కడ మీరు ఎవరో రాస్తారు. మరీ భయమైతే సమాధి అన్న మాట పైన రాయకండి, ఖాళీ కాగితం మీద ఒక్క వాక్యం రాసి మడిచి పెట్టండి.

మాకు దహనం కదా, సమాధే ఉండదు. మాకెందుకు ఈ గొడవ?

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. మనలో జంగాలు, లింగాయతులు ఇంకా కొన్ని కులాల్లో ఖననమే, సన్యాసులకీ అంతే, క్రిస్టియన్లు ముస్లింలు సరే సరి. మిగతావాళ్ళం మహేంద్రతనయ ఒడ్డునో వంశధార ఒడ్డునో కాల్చేసి అస్థికలు కలిపేస్తాం. రాయి ఉండదు, నిజమే. అయితే మనవాళ్ళకి రాయి మీద పేరు చెక్కించుకోవడం కొత్త అనుకోకండి. శ్రీముఖలింగం మాకు దగ్గరే, అటు శ్రీకాకుళం దాటితే శ్రీకూర్మం, ఆ గుళ్ళల్లో స్తంభాల మీద వందల ఏళ్ళ నాటి తెలుగు శాసనాలు ఉంటాయి, ఫలానా వారు స్వామికి అఖండదీపం పెట్టించి దాని ఖర్చుకి ఇంత దానం ఇచ్చారు, సూర్యచంద్రులు ఉన్నంతకాలం ఇది నడవాలి అని. రాజులే కాదు, వాళ్ళ కొలువులో మనుషులు, ఆడవాళ్ళు కూడా ఇచ్చినవి ఉన్నాయి. వాళ్ళు చెక్కించుకున్నది చావు గురించి కాదు, ఇచ్చిన దీపం గురించి. బతికుండగానే చెక్కించుకున్నారు, ఏం ఇచ్చారో రాసారు, ఎంత గొప్పవాళ్ళో రాయలేదు (రాజులు మాత్రం బిరుదులు లేకుండా ఉండలేరు, వాళ్ళని వదిలేయండి).

కాబట్టి రాయి లేకపోతే పెద్దకర్మ కార్డు వెనకవైపు వెయ్యొచ్చు, ఫ్లెక్సీ మీద వెయ్యొచ్చు, ఇంట్లో ఫోటో కింద చిన్న పట్టీ అంటించొచ్చు, బడికి ఫ్యాన్ ఇస్తే రెక్క మీద పేరు బదులు ఆ మాట రాయించొచ్చు. అటు మహారాష్ట్ర బోర్డర్లో చంద్రపూర్ జిల్లా వరోరా దగ్గర ఆనందవన్ పెట్టి కుష్టు రోగుల మధ్యే బతికిన బాబా ఆమ్టే 2008లో పోయినప్పుడు ఆయన కోరిక ప్రకారం కాల్చకుండా అక్కడే పాతిపెట్టారు. ఆ చోటే ఆయన సమాధి రాత, చదవడానికి అక్షరాలు అక్కర్లేదు.

ఎలా మొదలెట్టాలి? కూర్చుంటే ఒక్క ముక్క రావట్లేదు.

అందరికీ అంతే. "నా జీవిత పరమార్థం ఏంటి" అని కూర్చుంటే ఎవడికీ ఏమీ రాదు, నిద్రొస్తుంది. నేను చెప్పేది ఏంటంటే ముందు పోయిన వారం తీసుకోండి, ఏయే రోజు ఎవరి పని మీద తిరిగారు, ఎవరి ఫోన్ ఎత్తారు, ఎవరిది ఎత్తలేదు, దేనికి డబ్బు పెట్టారు, ఏ పని ఎవరూ చెప్పకుండానే చేసారు. అదంతా ఒక పక్క. రెండో పక్క మీ గురించి ఏం రాస్తే బాగుంటుంది అనుకుంటున్నారో అది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలామందికి మొహం మాడిపోద్ది, నిజం. ఊరికి సేవ చేసాడు అని రాసుకుందాం అనుకున్నవాడి వారంలో ఊరే కనపడదు, బోల్డంత రీల్స్ కనపడతాయి. అప్పుడు రెండే దార్లు, మాటైనా మార్చుకోవాలి, వారమైనా మార్చుకోవాలి. ఈ రాసుకోవడం మొత్తంలో నాకు పనికొచ్చేది ఇదే అనిపిస్తుంది, రాయి ఎక్కడుంటుంది ఏ రంగు అన్నది తర్వాత.

రాసాక ఇంట్లోవాళ్ళకి చదివి వినిపించండి. మీ ఆవిడో మీ ఆయనో నవ్వకుండా విన్నారంటే అది నిలబడుద్ది. నవ్వారంటే కొట్టేసి మళ్ళీ రాయండి.

పదవులు, డిగ్రీలు రాయొద్దంటారా? కష్టపడి సంపాదించినవే కదా.

రాసుకోండి, ఎవరొద్దన్నారు. కానీ ఒక్కసారి థామస్ జెఫర్సన్ సంగతి చూడండి. అమెరికాకి మూడో ప్రెసిడెంటు, 1826లో జులై 4నే పోయాడు, వాళ్ళ స్వాతంత్ర్య దినం రోజునే. తన రాయి మీద ఏముండాలో తనే రాసి పెట్టాడు, మూడే, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాసినవాడు, వర్జీనియాలో మతస్వేచ్ఛ చట్టం రాసినవాడు, వర్జీనియా యూనివర్సిటీకి తండ్రి. ప్రెసిడెంటుగా చేసిన సంగతి లేదు, ఇంకొక్క మాట కూడా కలపొద్దని రాసాడు. బానిసల్ని పెట్టుకున్న సంగతీ ఆ రాయి మీద లేదు, అది కూడా గుర్తుపెట్టుకోవాలి, మనం ఎంచుకునే మాటలో దాచే మాట కూడా ఉంటుంది.

మా ఊరి మనిషినే చూడండి, గిడుగు రామమూర్తి పంతులు గారు. ఇక్కడ రాజావారి బళ్ళో, కాలేజీలో పాఠాలు చెప్పారు. రావు సాహెబ్ బిరుదు వచ్చింది, కైజర్-ఇ-హింద్ పతకం వచ్చింది, ఆ పతకం సంగతి ఇప్పుడు ఎంతమందికి తెలుసు? కొండల్లో సవరల భాష నేర్చుకుని వాళ్ళకి బళ్ళు పెట్టి వ్యాకరణం, నిఘంటువు తయారుచేసారు, జనం మాట్లాడే తెలుగులోనే చదువూ రాతా ఉండాలని పోరాడారు, ఇప్పుడు నేను ఇలా వాడుకలో టైప్ చేసుకుంటూ పోతున్నానంటే ఆయన చలవే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు కలిస్తే ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు, 1940లో పోయారు. ఆయనకి ఒక్క వాక్యం రాయమంటే పతకాలు ఎవరు రాస్తారు?

నేను సూరత్‌లో పవర్‌లూమ్ పని. పన్నెండు గంటల షిఫ్టు, నెలాఖరుకి ఇంటికి డబ్బులు. నాకంటూ పర్పస్ ఏమీ లేదు. ఏం రాయాలి?

గంజాం జిల్లా నుంచి సూరత్ వెళ్ళని ఇల్లు లేదు దాదాపు, అందుకే ఈ ప్రశ్న బరంపురం ఠాకురాణి జాత్రకి ఊరొచ్చినవాళ్ళు ఎక్కువగా అడుగుతారు. అసలు పర్పస్ అనేది కవులకీ స్వామీజీలకీ ఉంటుంది మనకుండదు అనే ఆలోచనే తప్పు. డబ్బు పంపడం పని, ఆ డబ్బు ఏమైంది అన్నది మీ రాత. చెల్లి నర్సింగ్ చదివిందా, అమ్మ కళ్ళ ఆపరేషన్ అయ్యిందా, పెంకుటిల్లు స్లాబ్ అయ్యిందా? అది రాయండి, పేరుతో సహా రాయండి. "చెల్లిని నర్సుని చేసాడు" అన్న మూడు మాటలు పరోపకారి అన్నదానికన్నా ఎంతో బరువు.

కానీ ఒక సంగతి దాచకుండా చెప్తాను. ఇంటి కోసమే అనుకుంటూ ఏళ్ళకి ఏళ్ళు ఇంటికే రాని వాళ్ళున్నారు, పిల్లలకి నాన్న అంటే వీడియో కాల్లో ఒక మొహం. మీ వాక్యంలో "ఇల్లు" అన్న మాట వస్తుంటే ఆ ఇంట్లో మీరు ఉన్నారా అని అడుక్కోండి. ఒకబ్బాయి "దూరంగా ఉండి ఇల్లు నిలబెట్టాడు అని రాస్తే ఎలా ఉంటుంది అన్నా" అన్నాడు, బాగుంది కానీ అది నువ్వు చెప్పాల్సింది కాదు మీ అమ్మగారు చెప్పాలి, ఫోన్ చేసి అడుగు అన్నాను. బయటికెళ్ళి చాలాసేపు మాట్లాడి వచ్చాడు. దూరంగా అన్న మాట కొట్టేసి "వచ్చే ఏడు వచ్చేస్తా, అప్పుడు రాద్దాం" అన్నాడు. రాయలేదు మరి, నాకు కంపోజింగ్ చార్జీ కూడా రాలేదు.

మా అమ్మ కార్డులో "ఫలానా వారి ధర్మపత్ని" అని మాత్రమే వేసారు. ఆడవాళ్ళకి వేరే మాట ఉండదా?

ఉండాలి. మన కార్డుల్లో ఆడవాళ్ళ పేరు ముందు మ.ల.సౌ. అనో గం.భా.స. అనో వేస్తాం, అంటే మొగుడు ఉన్నాడా లేడా అన్నది మొదటి సమాచారం, తర్వాత ఎవరి భార్య, ఎవరి తల్లి. ఆవిడ ఏం చేసింది అన్నదానికి జాగా అయిపోద్ది. బరంపురం అప్పడాలు ఊరూరా తెలుసు, పట్టుచీరలూ తెలుసు, ఆ అప్పడాలు ఒత్తీ, ఊరగాయలు పెట్టీ పిల్లల్ని చదివించిన తెలుగు ఆడవాళ్ళు ఎంతమందో. "అప్పడాలు ఒత్తి ముగ్గురిని చదివించింది" అని ఒక్క కార్డు మీద చూడాలని నాకు కోరిక, ఎవరూ వెయ్యనివ్వరు, పరువు తక్కువట.

ఇంకో రకం కూడా ఉంది, అది వినడానికి బాగుంటుంది కానీ నాకు పడదు. "తను తినకుండా అందరికీ పెట్టింది" లాంటివి. ఇలా రాసినవాళ్ళు ప్రేమగానే రాస్తారు, కాదనను. కానీ ఆవిడ ఎందుకు తినలేదు, ఇంట్లో మిగతావాళ్ళు ఏం చేస్తున్నారు అని ఎవరూ అడగరు. పస్తుని పొగిడితే రేపు ఇంట్లో కోడలికి అదే సిలబస్ అవుద్ది. ఆవిడకి ఇష్టమైనది రాయండి, వచ్చిన విద్య రాయండి, ఎవరికీ చెప్పకుండా దాచుకున్న డబ్బుతో ఏం కొనుక్కుందో రాయండి. అమ్మ బతికే ఉంటే ఇప్పుడే అడగండి, "నాకేముంది" అంటుంది మొదట, వదలకండి. కూతుళ్ళు అడిగితే చెప్తుంది, కొడుకులు అడిగితే "అన్నం తిన్నావా" అంటుంది.

చేసిన తప్పులు కూడా రాయాలా?

పురుషోత్తంపూర్ దగ్గర రుషికుల్య ఒడ్డున జౌగడ ఉంది, బరంపురం వాళ్ళు పిక్నిక్‌కి పోయే దూరం. అక్కడ కొండరాయి మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చారు, లక్షన్నర మందిని పట్టుకుపోయారు, అందుకు బాధపడుతున్నాను అని ఆయన చెక్కించింది పదమూడో శాసనం. మన కర్నూలు వైపు ఎర్రగుడిలో ఆ శాసనం ఉంది. యుద్ధం జరిగిన కళింగలో మాత్రం, ఇక్కడ జౌగడలో, భువనేశ్వర్ దగ్గర ధౌళిలో, అది లేదు! దాని బదులు వేరే శాసనాలు పెట్టించాడు, మనుషులందరూ నా పిల్లలు అని. ఎందుకో పండితులు రకరకాలుగా చెప్తారు. నాకు అర్థమయ్యింది ఏంటంటే దెబ్బ తిన్నవాళ్ళ ముందు సారీ చెప్పడం చక్రవర్తికి కూడా కష్టమే.

తమ్ముడి పొలం గట్టు జరిపి ఉంటే సమాధి మీద క్షమించు అని రాయించకండి, గట్టు వెనక్కి జరపండి. రాయి మీద క్షమాపణ చదివేది దారిన పోయేవాళ్ళు, వాళ్ళకి మీరేం చేసారని.

ఏ లిపిలో రాయించాలి? మా పిల్లలు ఒడియా మీడియం, తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు.

మన జిల్లాల్లో అసలు తలనొప్పి ఇదే, హైదరాబాద్ వాళ్ళకి చెప్పినా అర్థం కాదు. తాత తెలుగులో, నాన్న రెండూ, మనవడు ఒడియా ఇంగ్లీషు. పేరు రెండు లిపుల్లో వేయించండి, ఆ ఒక్క మాట మాత్రం మీరు ఇంట్లో ఏ భాషలో కోప్పడతారో ఆ భాషలో ఉండాలి అని నా పట్టుదల. లిపి పిల్లలకి రాకపోతే తెలుగు మాటనే ఒడియా అక్షరాల్లో వేయించొచ్చు, తప్పేం కాదు. లిపి అంటే మా వైపు మనుషులకి ఎంత పట్టింపో చెప్పాలంటే, గుణుపూర్ వైపు సవరలకి 1936లో మంగేయి గొమాంగో తయారుచేసిన సొరాంగ్ సొంపెంగ్ లిపి ఉంది, దాని అక్షరాలకి అక్కడ పూజే చేస్తారు.

నవ్వొచ్చేలా రాసుకోవచ్చా?

ఎందుకు రాసుకోకూడదు. స్పైక్ మిల్లిగన్ అని బ్రిటన్లో పెద్ద కమెడియన్, 2002లో పోయాడు, ఆయన రాయి మీద "నాకు ఒంట్లో బాలేదని చెప్పానా" అని ఉంది. చర్చివాళ్ళు ఇంగ్లీషులో ఒప్పుకోకపోతే ఐరిష్ భాషలో వేయించారు. మన దగ్గర అయితే మావయ్యలు ఒప్పుకోరు, చూసుకోండి.

మాది బాప్టిస్టు కుటుంబం, బైబిల్ వచనం వేస్తే చాలు కదా?

చాలు. "మంచి పోరాటము పోరాడితిని" నేను కంపోజ్ చేసినన్ని సార్లు ఇంకేదీ చెయ్యలేదు. వచనం కింద ఒక్క లైను మీ సొంతం ఉంటే, ఏ పోరాటమో తెలుస్తుంది.

ఇప్పుడే రాసేస్తే తర్వాత మారిపోదా? నాకు ఇంకా పాతికేళ్ళే.

మారాలి కూడా. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 22 ఏళ్ళప్పుడు ప్రింటింగ్ ప్రెస్ పెట్టుకున్న రోజుల్లో తనకి తనే సమాధి రాత రాసుకున్నాడు, ప్రింటర్ ఫ్రాంక్లిన్ దేహం పాత పుస్తకం అట్టలాగా ఇక్కడ పడుంది, ఈసారి రచయిత (అంటే దేవుడు) దిద్దిన కొత్త ఎడిషన్లో మళ్ళీ వస్తాడు అని, చాలా తెలివిగా ఉంటుంది. 1790లో నిజంగా పోయేసరికి రాయి మీద ఏముంది? భార్య పేరు, తన పేరు, సంవత్సరం. అంతే. మధ్యలో కరెంటు ప్రయోగాలు, దేశం పుట్టడం అన్నీ జరిగాయి మరి. ప్రతి ఉగాదికో పుట్టినరోజుకో తీసి చూసుకోండి, పాతది చింపకండి, కింద కొత్తది రాయండి. ఏం కొట్టేసారో చూస్తే మీకే తెలుస్తుంది ఎటు పోతున్నారో.

రాయికి డబ్బు లేదు. లేదా అసలు ఏమీ రాయొద్దు అనిపిస్తే?

షాజహాన్ కూతురు జహనారా 1681లో పోయింది, ఢిల్లీ నిజాముద్దీన్ దర్గాలో ఉంది. వాళ్ళ అమ్మకి తాజ్‌మహల్. ఈవిడ సమాధి పైన కప్పు లేదు, పచ్చగడ్డి తప్ప ఏమీ కప్పొద్దు, పేదవాళ్ళ సమాధికి అది చాలు అని తను కోరుకున్న మాట రాతి పలక మీద ఉంది. మా గజపతి, రాయగడ జిల్లాల కొండల మీద సవరలు పోయినవాళ్ళ కోసం గువార్ అనే కర్మ చేసి రాయి నిలబెడతారు, దాని మీద ఒక్క అక్షరం ఉండదు, ఏ రాయి ఎవరిదో ఇంటివాళ్ళకి తెలుసు. మనం తాత పేరు మనవడికి పెట్టి రోజూ పిలుస్తాం, తిడతాం కూడా. కాబట్టి రాయి లేకపోతే ఏమీ ఆగిపోదు.

షాపులో ఇచ్చేటప్పుడు ఏం చూసుకోవాలి?

ఇది నా ఏరియా. చెక్కేవాళ్ళకి తెలుగు రాకపోవచ్చు, బొమ్మ చూసి బొమ్మ దించుతారు, వత్తులు ఎగిరిపోతాయి, ధ థ అవుద్ది. వాట్సాప్‌లో టైప్ చేసి పంపకండి, మా డీటీపీ వాళ్ళు వాడే అను ఫాంట్‌లో చేసింది అయితే వేరే కంప్యూటర్లో పిచ్చి గీతలు వస్తాయి, పీడీఎఫ్ తీసుకుని అసలు సైజు ప్రింటు ఇవ్వండి. తెలుగు చదివే మనిషి ఒకరు, పోయినవాళ్ళ ఇంటివాళ్ళు కానివాళ్ళు అయితే మేలు, ఒక్కో అక్షరం వేలు పెట్టి చదవాలి. పాలరాయి మీద నల్ల రంగు ఎండకి వానకి పోద్ది, ఏటా నవంబర్ 2న సమాధుల పండగకి సమాధులు కడిగి రంగులు వేసినప్పుడు అక్షరాల్లో కూడా నింపించుకోవాలి.

రాసింది ఎక్కడ పెట్టాలి? ఇంట్లోవాళ్ళు ఇంకేదైనా కలిపేస్తే?

కలిపేస్తారు, ఖాయం. కీట్స్ అనే ఇంగ్లీషు కవి 1821లో రోమ్‌లో 25 ఏళ్ళకే టీబీతో పోతూ నా పేరు కూడా వద్దు, ఇక్కడున్నవాడి పేరు నీళ్ళ మీద రాసింది అన్న మాట ఒక్కటి చాలు అన్నాడు. ఫ్రెండ్స్ ప్రేమతో, ఆయన్ని తిట్టినవాళ్ళ మీద కోపంతో దాని పైన ఇంకా కొన్ని లైన్లు పెట్టారు, తర్వాత వాళ్ళలో ఒకాయన ఎందుకు పెట్టామా అని బాధపడ్డాడు కూడా. అందుకే జెఫర్సన్‌లాగా "ఇంతే, ఇంకేం కలపొద్దు" అని కింద రాసి సంతకం పెట్టండి. వీలునామాలో మాత్రం పెట్టకండి, చాలా ఇళ్ళల్లో అది పెద్దకర్మ అయ్యి చుట్టాలు వెళ్ళాకే తెరుస్తారు, అప్పటికి కార్డులు పంచేసి ఉంటారు. రేషన్ కార్డు, ఆధార్ జెరాక్సులు పెట్టే కవర్లో పెట్టండి, ఆ రోజు ఎలాగూ డెత్ సర్టిఫికెట్ కోసం దాన్నే ముందు వెతుకుతారు. ఒకరికి చెప్పి ఉంచండి, కొడుక్కి కాకపోయినా బావమరిదికో చెల్లెలికో, ఏడుపుల మధ్య కూడా పని గుర్తుండే మనిషి ఇంటికి ఒకరు ఉంటారు కదా, వాళ్ళకి. అదే కాగితం వెనక మీ ఫోన్ లాక్ కూడా రాసెయ్యండి, ఫ్లెక్సీకి మంచి ఫోటో దొరక్క వోటర్ కార్డు ఫోటో పట్టుకొస్తున్నారు జనం.